పిట్టకి వీపు చూపించు: ఉప్పు చిత్తడి ఒడ్డున లెటర్‌బాక్సింగ్ చేసే పద్ధతి

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి హామొనాసెట్ బీచి కొత్త కాదు. కనెక్టికట్ నంబరు ప్లేటున్న కారుకి 2018 నుంచి పార్కింగు డబ్బులు కూడా లేవు. జూన్, జూలై శనివారాల్లో పులిహోర గిన్నె, చాప, గొడుగు పట్టుకుని బయల్దేరతాం. సాయంత్రం ఇసుక దులుపుకుని ఇంటికొస్తాం. నేనూ నాలుగు వేసవులు అంతే చేశాను. ఆ రెండు మైళ్ళ ఇసుకకి తూర్పు కొసన మెగ్స్ పాయింట్ అనే చోటుందనీ, దాని వెనక కనుచూపు మేర ఉప్పు గడ్డి చిత్తడి ఉందనీ, దాన్ని చూడ్డానికే జనం బైనాక్యులర్లు మెళ్ళో వేసుకుని తెల్లారగట్ల వస్తారనీ నాకు తెలిసింది ఒక ప్లాస్టిక్ డబ్బా పుణ్యమా అని.

ఆ డబ్బాని లెటర్‌బాక్స్ అంటారు. దాన్ని వెతకడం ఎలాగో, సముద్రం పక్కన పిట్టలున్న చోట దాన్ని దాచడం ఎలాగో మొదటినుంచి చివరిదాకా రాస్తాను. అడవిలో ఈ ఆట ఆడడానికి సవాలక్ష పద్ధతులు రాసినవాళ్ళున్నారు. తీరంలో మటుకు లెక్క వేరు. అక్కడ ఇసుక ఎవరో ఒకరి ఇల్లు.

ముందు ఆట సంగతి

ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడు ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు అక్కడ క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు. అంత దూరం బురదలో నడిచి వచ్చినవాళ్ళు తమ విజిటింగ్ కార్డు అందులో వేసి వెళ్ళేవారు. తర్వాత్తర్వాత పోస్టుకార్డులు వేయడం మొదలైంది. తర్వాత వచ్చినవాడు వాటిని తీసుకెళ్ళి పోస్టులో వెయ్యాలి. ఆ పేరే నిలిచిపోయింది. కార్డుల స్థానంలోకి రబ్బరు ముద్రలు వచ్చాయి. అమెరికాలో 1998లో ఒక పత్రికలో దీని మీద వ్యాసం పడ్డాక ఇక్కడా పాకింది. ఈశాన్య రాష్ట్రాల్లో, ముఖ్యంగా కనెక్టికట్‌లో, బాగా వేళ్ళూనుకుంది. ఇక్కడ రాష్ట్ర అటవీ శాఖ వాళ్ళే తమ అడవుల్లో డబ్బాలు పెట్టి క్లూలు ఇస్తారు.

ఆట ఇంతే: ఎవరో చేత్తో చెక్కిన ముద్ర, ఒక చిన్న నోటుపుస్తకం డబ్బాలో పెట్టి దాస్తారు. క్లూ రాస్తారు. మీరు క్లూ పట్టుకుని వెళ్ళి డబ్బా పట్టుకుంటే, వాళ్ళ ముద్ర మీ పుస్తకంలో వేసుకుంటారు, మీ ముద్ర వాళ్ళ పుస్తకంలో వేస్తారు, డబ్బాని మళ్ళీ అక్కడే దాస్తారు. వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడం, ఫోన్లో చుక్కని చూస్తూ నడవడం ఇందులో లేవు. అవి జియోక్యాషింగ్ వాళ్ళవి. వాళ్ళతో మాకేం తగాదా లేదు గానీ, చేత్తో చెక్కిన ముద్ర కాగితం మీద పడేటప్పుడుండే సరదా అందులో రాదు.

మొదటి పని: మీ ముద్ర చెక్కుకోవడం

బజారులో దొరికే స్మైలీ స్టాంపుతో కూడా వెళ్ళొచ్చు. ఎవరూ గెంటెయ్యరు. కానీ ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే సొంత ముద్ర తయారవుతుంది. అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను.

క్రాఫ్టు సామాన్ల కొట్లో గులాబీ రంగు చెక్కుడు రబ్బరు పలకలు అమ్ముతారు. పెన్సిలు రబ్బరు కన్నా మెత్తగా, వెన్నలా తెగుతాయి. వాటితోపాటు పిడికి తగిలించే చిన్న ఉలి ముక్కలు కావాలి. వీ ఆకారంలో ఉండే సన్నది ఒకటి, యూ ఆకారంలో ఉండే వెడల్పుది ఒకటి చాలు. రెండంగుళాల చదరం ముక్క కోసుకోండి.

బొమ్మని పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో, 4బీ అయితే మేలు, ఒత్తి గీయండి. ఆ కాగితాన్ని బొమ్మ వైపు రబ్బరుకి ఆనేలా బోర్లించి, కదలకుండా పట్టుకుని, చెంచా వెనకవైపుతో రుద్దండి. పెన్సిలు గీత రబ్బరు మీదికి దిగుతుంది, తిరగబడి దిగుతుంది. ముద్ర వేసినప్పుడు మళ్ళీ తిరగబడి సరిగ్గా పడుతుంది. ఈ ఒక్క వాక్యం నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా మొదటి ముద్ర చెత్తబుట్టలో పడేది కాదు. నేను ‘కొంగ’ అని తెలుగులో నేరుగా రబ్బరు మీదే రాసి, రెండు గంటలు కళ్ళు పొడుచుకుని చెక్కాను. కాగితం మీద వేసి చూస్తే ఏ భాషో తెలీదు. మా అమ్మాయి దాన్ని బాత్రూమ్ అద్దం ముందు పెట్టి, ‘నాన్నా, ఇందులో సరిగ్గానే ఉంది’ అంది.

మా అమ్మమ్మగారి ఊరు పెడన పక్కన. కలంకారీ అద్దే టేకు అచ్చులు చిన్నప్పుడు చేతిలో పట్టుకుని తిప్పినవాణ్ణి, అచ్చుల మీద బొమ్మ ఎప్పుడూ ఎదురు తిరిగే ఉంటుందన్న సంగతి గుర్తుండద్దూ! ఆ అచ్చుల్లోంచే ఇంకోటి నేర్చుకోవచ్చు. వాటి గీత గోడలా నిట్టనిలువుగా ఉండదు, పొలం గట్టులా అడుగున వెడల్పుగా, పైకి వచ్చేసరికి సన్నగా ఉంటుంది. రబ్బరులోనూ అంతే. ఉలి గీతకి లోపలికి వాలితే గీత కింద బోలై, పదిసార్లు వేసేసరికి తెగిపోతుంది. బయటికి వాల్చి కోయండి. వంపు తిరిగేచోట ఉలిని తిప్పకండి, రబ్బరుని తిప్పండి. ఎడమచెయ్యి ఎప్పుడూ ఉలికి వెనక ఉండాలి. ముందు సన్న ఉలితో గీత చుట్టూ వెళ్ళి, తర్వాత వెడల్పు ఉలితో ఖాళీ అంతా తవ్వెయ్యండి. సగంలోనే లేత రంగు ఇంకుతో ఒకసారి వేసి చూసుకోండి. ఎక్కడ ఎక్కువుందో తెలుస్తుంది. తీసేసిన ముక్కని మళ్ళీ అతికించలేం కాబట్టి తక్కువ తీయడమే తెలివి.

ఆటలో సొంత పేరు బదులు ఒక ‘దారి పేరు’ పెట్టుకుంటారు. నాది ‘ఉప్పుటేటి కొంగ’. అమెరికా వాళ్ళకి అది ఏమిటో అర్థం కాకపోయినా తెలుగు అక్షరాల గుండ్రటి ముద్ర చూసి డబ్బాల్లోని పుస్తకాల్లో మెచ్చుకుంటూ రాస్తుంటారు.

సంచిలో ఇంకేం ఉండాలి

ముద్ర, నల్ల ఇంకు ప్యాడ్, గీతల్లేని మందపాటి కాగితాల పుస్తకం, పెన్సిలు, దిక్సూచి. ఫోన్లో ఉండే దిక్సూచి కారు పక్కన, ఇనుప రెయిలింగుల పక్కన పిచ్చి వేషాలు వేస్తుంది. పది పదిహేను డాలర్ల పలక దిక్సూచి కొనుక్కోండి.

సముద్రం ఒడ్డు కాబట్టి మరి రెండు వస్తువులు. ఒకటి, కాగితాలు పట్టుకునే పెద్ద క్లిప్పు. గాలికి పుస్తకం పేజీలు టపటపా కొట్టుకుని తడి ముద్ర మీద పడితే బొమ్మ అలుక్కుపోతుంది. రెండు, మైనపు కాగితం ముక్కలు. తేమకి ఇంకు ఆరదు, పేజీల మధ్య పెట్టి మూసెయ్యడానికి.

బైనాక్యులర్లు ఉంటే తప్పకుండా పట్టుకెళ్ళండి. లేకపోతే డబ్బా దొరుకుతుంది గానీ సగం వినోదం పోతుంది.

దుస్తుల విషయంలో మొహమాటం వద్దు. లేత రంగు పొడుగు ప్యాంటు, దాన్ని మేజోళ్ళలోకి దోపుకోవాలి. చూడ్డానికి జోకర్‌లా ఉంటుంది గానీ, పిడుదులు కుట్టి లైమ్ జబ్బు రాకుండా కాపాడుతుంది. లైమ్ జబ్బుకి ఆ పేరు వచ్చింది ఇక్కడికి అరగంట దూరంలో ఉన్న లైమ్ ఊరి వల్లే. 1970లలో అక్కడి పిల్లలకి కీళ్ళు వాచిపోతుంటే ఆరా తీసి కనుక్కున్నారు. దాన్ని మోసే జింక పిడుదు పెద్దదైతే నువ్వుగింజంత, పిల్లదైతే గసగసాల గింజంత ఉంటుంది. ఆ గసగసాల సైజుదే మే నుంచి జూలై దాకా ఎక్కువ కుడుతుంది. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, పిల్లల జుట్టు మొదళ్ళలో వెతకండి. అలాగే పాయిజన్ ఐవీ. మారేడు దళంలా మూడేసి ఆకులు, శరదృతువులో ఎర్రగా మెరుస్తూ మహా అందంగా ఉంటుంది. ముట్టుకుంటే రెండు వారాలు గోక్కుంటూ కూర్చోవాలి. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టే ముందు చుట్టూ ఏ ఆకు ఉందో చూడండి.

ఎప్పుడు వెళ్ళాలి

ఇది తీరంలో అసలు ప్రశ్న. నా జవాబు: సెప్టెంబరు నుంచి మార్చి మధ్య వరకు. వేసవిలో వెళ్ళకూడదని కాదు, వేసవిలో బాట దిగకూడదు. ఎందుకో చెప్తాను.

మార్చి నెలాఖరుకి పైపింగ్ ప్లోవర్ అనే పిట్ట ఇక్కడి ఇసుకలోకి వస్తుంది. గుప్పెడంత ఉంటుంది, ఎండు ఇసుక రంగు. గూడు అంటూ కట్టదు, ఇసుకలో చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. అవి కూడా ఇసుక రంగే. రెండడుగుల దూరంలో నిలబడినా కనపడవు. అట్లాంటిక్ తీరంలో ఇది 1986 నుంచి ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. గుడ్లున్న చోట కర్రలు పాతి తాడు కడతారు, అయినా తాడు బయట కూడా పెట్టొచ్చు కదా, పిట్టకి తాడు సంగతి తెలీదు.

వెనక ఉప్పు చిత్తడిలో సాల్ట్‌మార్ష్ స్పారో అనే పిచ్చుక. ఇది గడ్డి మొదట్లో, నేలకి కొద్ది అంగుళాల ఎత్తులో గూడు కడుతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువొస్తుందని మన కోస్తా వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రెండింట్లో ఒకదానిది ఇంకా పెద్దది, సుమారు నాలుగు వారాలకోసారి వస్తుంది. ఆ పెద్ద పోటుకి గూళ్ళు మునుగుతాయి. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్ల గూడు దిగేదాకా మూడు వారాల పైచిలుకు పడుతుంది. ఒక పెద్ద పోటు తీసిన వెంటనే మొదలుపెట్టి ఇంకో పెద్ద పోటు ముంచేలోగా ఆ తల్లి పని ముగించాలి. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఆ వ్యవధి కురచైపోతోంది, ఆ పిచ్చుకలు తగ్గిపోతున్నాయి. అలాంటి గడ్డిలోకి మనం ఒక ప్లాస్టిక్ డబ్బా కోసం బూట్లేసుకుని దిగడం ఏం బావుంటుంది?

ఇంకో బీచిలో, ఇక్కడ కాదు, మే నెలలో ఒక క్లూ మమ్మల్ని నేరుగా ఇసుక దిబ్బ గడ్డిలోకి తీసుకెళ్ళింది. ఎవరు రాశారో అనవసరం. పది అడుగులు వేశామో లేదో ఒక చిన్న పిట్ట మా ముందు పడిపోయింది. ఒక రెక్క ఈడ్చుకుంటూ, కుంటుతూ, దీనంగా అరుస్తూ పక్కకి పోతోంది. మా అమ్మాయి ‘అయ్యో దెబ్బ తగిలింది’ అని దాని వెనక పడబోయింది. దెబ్బా లేదు, ఏమీ లేదు. గుడ్ల మీంచి మన దృష్టి మళ్ళించడానికి ఆడే నాటకం అది. మన ఊళ్ళో తీతువు గుడ్ల దగ్గరికి ఎవరైనా వస్తే ఊరంతా వినపడేలా అరిచి గోల చేస్తుంది, ఇది ఇలా నటిస్తుంది. రెండింటి మాటా ఒకటే: ఇక్కణ్ణించి పో. అది కనపడగానే చేయాల్సింది ఒకటే. ఉన్నచోటే ఆగి, వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి నడవండి. డబ్బా పోతే పోయింది. మేమూ వదిలేసి వచ్చాం.

రోజు ఎంచుకునేటప్పుడు పోటు వేళలు చూసుకోండి. ఇక్కడ మామూలు రోజున ఆటుకీ పోటుకీ తేడా సుమారు 5 అడుగులు. పోటు వేళ చిత్తడిలో నీళ్ళు నిండి పిట్టలన్నీ బాటకి దగ్గరగా జరుగుతాయి కాబట్టి చూడ్డానికి మంచిది. డబ్బా ఉన్న దారి తక్కువ ఎత్తులో ఉంటే మాత్రం ఆటు వేళ వెళ్ళాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల కోసం నేను గుళ్ళో ఇచ్చిన తెలుగు క్యాలెండరే చూస్తాను. ఏకాదశి ఉపవాసాలకి మా ఆవిడ, పోటు లెక్కకి నేను.

క్లూ చదవడం, అంగలు లెక్కపెట్టడం

క్లూలు రకరకాలు. కొన్ని తిన్నగా ఉంటాయి, కొన్ని పొడుపుకథలు. తీరంలో ఎక్కువగా దిక్సూచి అంకెలు, అంగల లెక్క ఉంటాయి.

ఒక మెలిక: ఈ ఆటలో ‘పేస్’ అంటే చాలామంది లెక్కలో రెండడుగులు. కుడికాలు నేలని తాకిన ప్రతిసారీ ఒకటి. సగటున 5 అడుగుల దూరం. మీ అంగ ఎంతో పార్కింగులో వంద అడుగులు టేపుతో కొలిచి, మామూలుగా నడిచి చూసుకోండి. మెత్తటి ఇసుకలో అంగ కురచవుతుంది, అది కూడా లెక్కేసుకోవాలి.

రెండో మెలిక దిక్సూచిది. ముల్లు చూపించే ఉత్తరం వేరు, పటంలో ఉత్తరం వేరు. కనెక్టికట్‌లో ముల్లు అసలు ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు పడమరకి చూపిస్తుంది. చాలా క్లూలు ముల్లు చూపించిన అంకెనే ఇస్తాయి, అప్పుడు మీరేం కలపక్కర్లేదు. క్లూలో ‘ట్రూ’ అని ఉంటేనే ఆ అంకెకి 13 కలిపి నడవాలి. అంటే అసలు తూర్పు 90 అయితే మీ దిక్సూచి మీద 103. ఇది మర్చిపోతే ఎంత తేడా వస్తుందంటే, వంద అంగలు నడిచేసరికి మీరు డబ్బాకి వందడుగుల పైనే పక్కకి తేలతారు. అడవిలో అయితే పక్క చెట్టు కింద వెతుకుతారు, ఇక్కడైతే చిత్తడిలో దిగుతారు.

క్లూ చివరికి వచ్చాక చేతులు పెట్టే ముందు కళ్ళు వాడండి. ప్రకృతి తనంతట తాను రాళ్ళని చక్కగా పేర్చదు, పుల్లల్ని వరసగా కప్పదు. ఇక్కడి ఆటగాళ్ళు దాన్ని ‘అనుమానాస్పదమైన రాళ్ళ కుప్ప’ అని ముద్దుగా పిలుచుకుంటారు. దాని కిందే ఉంటుంది, తొంభై పాళ్ళు. లేకపోతే రాళ్ళన్నీ తిరగేస్తూ కూర్చోకండి. ఒడ్డున ప్రతి రాయి కిందా ఏదో ఒక జీవి కాపురం పెట్టి ఉంటుంది.

పిట్టలు చూసేవాళ్ళు ఎదురైతే వాళ్ళ టెలిస్కోపుకీ చిత్తడికీ మధ్యలోంచి నడవకండి. ‘ఏముంది ఇవాళ?’ అని అడగండి, మురిసిపోయి చూపిస్తారు. ఒక్క విషయంలోనే నోరు మెదపరు. చలికాలంలో ఉత్తరాన్నుంచి మంచు గుడ్లగూబ దిగిన ఏడాది అది ఎక్కడ కూర్చుందో చెప్పరు. చెప్తే వందమంది ఫొటోలకి ఎగబడి దాన్ని నిద్ర పోనివ్వరు.

దొరికాక

డబ్బాని పట్టుకుని దాచిన చోటికి కాస్త దూరంగా, ఎవరి కంటా పడకుండా కూర్చోండి. సంచులు ఏ వరసలో ఉన్నాయో చూసుకుని విప్పండి. ముద్ర మీద ప్యాడ్‌ని తట్టండి, ముద్రని ప్యాడ్‌లో గుచ్చకండి. వెనక అరచేతితో ఒకసారి నిదానంగా నొక్కి, తిన్నగా పైకి ఎత్తండి. వాళ్ళ పుస్తకంలో మీ ముద్ర, దారి పేరు, తేదీ, ఏ పిట్ట కనపడిందో ఒక ముక్క. ముద్రని తడి గుడ్డతో తుడిచి ఆరాకే సంచిలో పెట్టండి. గాలి బయటికి నొక్కేసి జిప్పు చివరిదాకా మూయండి. ఉప్పుగాలికి సందు ఇస్తే నెలలో పుస్తకం ముద్దైపోతుంది. ఎక్కడ దొరికిందో అక్కడే, ఎలా దొరికిందో అలాగే పెట్టండి. ‘ఇంకా మంచి చోటు’ అంటూ పక్క రాయి కిందికి మార్చారా, తర్వాత వచ్చినవాడి శాపం తగులుతుంది.

మీరే దాచాలంటే

ముందు ఇరవై ముప్ఫై డబ్బాలైనా వెతకండి. అప్పుడే ఏ డబ్బా ఎందుకు పాడైందో తెలుస్తుంది.

తర్వాత అనుమతి. పార్కు ఆఫీసులో అడగండి, డబ్బా ఎక్కడ పెడతారో పటం మీద చూపించండి. వాళ్ళు వద్దంటే వద్దు. ఫెడరల్ వన్యప్రాణి శరణాలయాల్లో వస్తువులు వదిలి వెళ్ళడం నిషేధం, జాతీయ పార్కుల్లో కూడా అనుమతి లేకుండా కుదరదు. మన దేశం వెళ్ళినప్పుడు నేలపట్టులోనో కోరింగలోనో ఒకటి పెడదామని మా వాళ్ళలో ఒకరికి ఉబలాటం పుట్టింది. అవి అభయారణ్యాలు, 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. ఇక పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్ళే దారిలో టేపు చుట్టిన డబ్బా దాస్తే వెతకడానికి వచ్చేది ఆటగాళ్ళు కాదు, భద్రతాదళాలు.

ఇప్పుడు చోటు. డబ్బా కోసం వచ్చినవాడి కళ్ళు పిట్టల మీద ఉండాలి, కాళ్ళు వాటికి దూరంగా ఉండాలి. అందుకని డబ్బాని ఎప్పుడూ బాట నుంచి చెయ్యి చాపితే అందే దూరంలో, ఇసుకకీ చిత్తడికీ ఎడంగా, పార్కింగు వైపు పెట్టండి. మెగ్స్ పాయింట్ దగ్గర మంచు యుగం హిమానీనదం వదిలేసిపోయిన రాళ్ళ గుట్ట ఉంది. అలాంటి గట్టి నేల మంచిది. పోటు వదిలిన చెత్త గీత ఎక్కడిదాకా ఉందో చూసి, దానికి బాగా పైన పెట్టండి. 2011లో ఐరీన్, 2012లో శాండీ తుఫాన్లు వచ్చి ఈ తీరాన్ని కోసుకుపోయాయి. ఇసుక దిబ్బని నమ్ముకున్న డబ్బా అట్లాంటిక్‌లో తేలుతుంది. తవ్వడం ఎక్కడా పనికిరాదు. తమాషా ఏమిటంటే హామొనాసెట్ అనే పేరుకి ఇక్కడి ఆదివాసుల మాటలో ‘మేం నేలలో గుంటలు తవ్వే చోటు’ అని అర్థం చెప్తారు. వాళ్ళు తవ్వింది పంటకి.

డబ్బా నాలుగు వైపులా నొక్కి మూసే రబ్బరు అంచు ప్లాస్టిక్‌ది అయ్యుండాలి. లోహం తుప్పు పడుతుంది, గాజు పగులుతుంది, పీవీసీ గొట్టం చూసినవాళ్ళు బాంబనుకుంటారు. ముద్రకి ఒక జిప్పు సంచి, పుస్తకానికి రెండు. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా పొట్లం ఒకటి పడెయ్యండి. తినేవి గానీ, వాసన వచ్చేవి గానీ వద్దు, రకూన్లు మూత కొరికేస్తాయి. ఇంకు ప్యాడ్ పెట్టకండి, చలికి పాడవుతుంది. మూత మీద ఇది ఆట కోసం పెట్టిన డబ్బా అనీ, అక్కడే వదిలెయ్యమనీ, ఒక ఈమెయిలు చిరునామాతో రాసి అంటించండి.

చివరికి క్లూ. తీరంలో ఆధారంగా పట్టుకునే వస్తువు కదలనిది అయ్యుండాలి. ఎండు కొమ్మ, నీటి అంచు, ‘కొంగలు వాలే గుంట’ ఇవేవీ పనికిరావు. నాకు నచ్చింది ఆస్ప్రే మంచె. చేపల్ని పట్టే ఈ పెద్ద గద్ద కోసం చిత్తడి మధ్యలో స్తంభాలు పాతి పైన చెక్క పలక కొట్టారు. దాని వెనక పెద్ద కథ ఉంది. డీడీటీ మందు చేపల్లోంచి గద్దల్లోకి చేరి గుడ్ల పెంకులు పల్చబడి, పొదగబోతే చితికిపోయేవి. పక్కనే ఓల్డ్ లైమ్‌లో ఉండిన పక్షుల చిత్రకారుడు రోజర్ టోరీ పీటర్సన్ కళ్ళముందే గూళ్ళు ఖాళీ అయ్యాయి. 1972లో డీడీటీని నిషేధించారు. 1974కి కనెక్టికట్ మొత్తం మీద మిగిలిన గూళ్ళు తొమ్మిది. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. మంచె చలికాలంలో కూడా అక్కడే ఉంటుంది, పిట్ట లేకపోయినా క్లూ పనిచేస్తుంది.

ఒక నమూనా క్లూ రాస్తున్నాను. కల్పించిందే, దీన్ని పట్టుకుని వెళ్తే ఏమీ దొరకదు:

‘చూపుల మంచె ఎక్కి చివరి మెట్టు మీద ఆగు.
ఒంటికాలి మంచం మీద చేపలదొర ఇల్లు ఎటుందో చూడు, ముల్లు చెప్పిన అంకె రాసుకో.
అంకె 180 కన్నా చిన్నదైతే 180 కలుపు, పెద్దదైతే 180 తీసెయ్.
మంచె దిగి, దొరగారికి వీపు చూపించి, కొత్త అంకె వైపు బాట మీదే 40 అంగలు.
ఎడంచేతి వైపు ఏనుగు పడుకున్నట్టు రాయి. దాని తోక దగ్గర చెయ్యి పెట్టు, ముందు మూడాకుల తీగ ఉందేమో చూసుకుని.’

చూశారుగా లెక్క? అంకె రావాలంటే మనిషి గద్ద గూటిని నిదానంగా, గురిపెట్టి చూడాలి. కానీ నడక ఎప్పుడూ దానికి ఎదురు దిక్కుకే. క్లూ రాశాక ఈ ఆట తెలియని మనిషి చేతిలో పెట్టి, మీరు నోరు మూసుకుని వెనక నడవండి. ఎక్కడ బాట దిగబోతారో అక్కడ వాక్యం మార్చాలి. నా మొదటి క్లూలో మా తోడల్లుడు తిన్నగా బురదలోకి నడిచాడు. ‘బాట మీదే’ అన్న మాట అలా చేరింది.

పెట్టి వదిలేస్తే కాదు

పెద్ద గాలివాన వచ్చిన ప్రతిసారీ, లేకపోయినా రెండు నెలలకోసారి, వెళ్ళి చూసుకోవాలి. తడిసిన సంచి మార్చాలి. రాయి చుట్టూ కొత్త కాలిబాట పడుతోందంటే డబ్బా చోటు మార్చే సమయం వచ్చినట్టు. నేను నా డబ్బాని మార్చి మూడో వారంలో, మొదటి ఆస్ప్రే తిరిగొచ్చిందని విన్న శనివారం తీసేస్తాను. క్లూ దగ్గర ‘సెలవులో ఉంది’ అని రాస్తాను. గూళ్ళ కాలం అంతా అది మా గరాజ్‌లో పచ్చడి జాడీల పక్కన ఉండి, సెప్టెంబరులో మళ్ళీ వెళ్తుంది.

కిందటి మార్చిలో తీసి చూస్తే పదకొండు ముద్రలు పడ్డాయి, అందులో ఒకటి తలకిందులు. చివరి పేజీలో ముద్ర లేదు, పెన్సిలు రాత. డబ్బా కోసం రాలేదట, టెలిస్కోపు మోసి మోసి అలిసిపోయి ఆ రాయి మీద కూర్చుంటే కింద మూల కనపడిందట. ఇంకాస్త పెద్ద పలకరాయి అడ్డం పెట్టాలని అప్పుడు అర్థమైంది. కింద ఇంకో వాక్యం ఉంది: ‘ఇవాళ మంచు గుడ్లగూబని చూశాను. ఎక్కడో చెప్పను.’